ఖాలా కార్డులో పై సగం

పోయిన నెలలో, సింగపూర్ యూ టీలోని మా ఫ్లాటుకు వైష్ణవి అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలిస్తుంది. సెలవు రోజుల్లో, మన ఊళ్ళ నుంచి పనికి వచ్చిన కార్మికులకు సాయం చేసే ఒక సంఘంలో తిరుగుతుంటుంది. వాళ్ళు వేస్తున్న చిన్న పుస్తకానికి మా ఖాలా గురించి ఒక పేజీ కావాలట. ఖాలా అంటే మా అమ్మకు అక్క, డాక్టర్ సాబిరా. "ఒక్క పేజీ చాలు లా ఆంటీ. కానీ..." అని ఆగి, ఆ తర్వాతి మాట మర్యాదగా ఎలా చెప్పాలో తెలియక టీ కప్పులోకి చూసింది. "కానీ అబద్ధాలు వద్దంటావు, అంతేగా?" అన్నాను. "అందరూ చెప్పారు ఆంటీ, మీరు స్టోరీని కొంచెం పెద్దది చేస్తారని." పక్క గదిలో పడుకుని ఉన్న ఖాలాకు ఎనభై రెండేళ్ళు. పక్కన పిడుగు పడ్డా వినపడదుగాని నా మీద చాడీ మాత్రం గోడలు దాటి వినపడుతుంది. "కొంచెమా! దాని నోట్ల పడ్డంక పిల్లి పులై బయటికొస్తది బేటీ. రాసినంక నాకు చదివి వినిపియ్యమను. నేను హౌ, సరే అంటేనే తీస్కపో" అంది.

కాబట్టి ఇది ఖాలాకు చదివి వినిపించిన పేజీలు. ఒకటి కాస్తా చాలా అయ్యాయి, అది నా స్వభావం. చదువుతున్నంతసేపూ ఆమె నాలుగు చోట్ల "నక్కో, కొట్టెయ్" అంది. మూడు చోట్ల కొట్టేశాను.

నేను సింగపూర్ వచ్చింది వరంగల్‌లో ఇంటర్ తప్పాక. తప్పాననే సంగతి ఇంట్లో చెప్పకుండా, ఫలితాలు పట్టుకొస్తున్న పేపరు బండి కాజీపేట దగ్గర బోల్తా పడిందనీ, ఆ సంవత్సరం జిల్లాలో ఎవరికీ మార్కులు రావనీ వారం రోజులపాటు అందరినీ నమ్మించాను. ఆ బండి లాగడానికి ఏనుగును తెచ్చారని చెప్పిన రోజు దొరికిపోయాను. ఏనుగు లేకుండా ఉంటే ఇప్పటికీ నమ్మేవాళ్ళు. అమ్మీ ఏడ్చి, అక్కకు ఉత్తరం రాసింది: దీని నోటిని పదిమంది నొప్పులు వినే చోట పెట్టు, బాగుపడితే పడుతుంది అని. అలా పద్దెనిమిదేళ్ళప్పుడు, పగలు టైపింగ్ కోర్సు, సాయంత్రం ఖాలా క్లినిక్ అనే ఏర్పాటు మీద, ఖాలా ఉండే బూన్ లేలో దిగాను.

ఖాలా ఇల్లు నాలుగో అంతస్తులో, క్లినిక్ అదే బ్లాకు కింద. ఫజర్ నమాజు అయ్యీ కాకముందే వంటింట్లో నెయ్యిలో జీలకర్ర చిటపటలాడేది. ఖిచిడీ, చింతపండూ నువ్వులూ కలిపి నూరిన ఖట్టా, అప్పడం. ఇరవై ఐదేళ్ళుగా ఇక్కడ ఉన్నా ఉదయం ఇది తప్ప ఇంకోటి తినేది కాదు. పొయ్యి మీద ఖిచిడీ మగ్గుతుండగానే తెల్లకోటు ఇస్త్రీ చేసుకునేది. దాని మడత మీద ఈగ వాలితే జారి పడుతుందని నేను అందరికీ చెప్పేదాన్ని (ఇది కొట్టెయ్యమంది, కొట్టెయ్యలేదు). కోటు ఎడమ జేబులో లవంగాలు. రోగికీ రోగికీ మధ్య ఒకటి బుగ్గన పెట్టుకునేది. అందుకే ఆమె గదిలో స్పిరిట్ వాసనా లవంగం వాసనా కలిసిపోయి ఉండేవి. ఎదుటి మార్కెట్ నుంచి కొబ్బరిపాలలో ఉడుకుతున్న అన్నం వాసన వచ్చి వాటితో పోట్లాడేది. ఇప్పటికీ ఎవరైనా లవంగం నమిలితే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది.

ఆమెకు కొన్ని పట్టుదలలు ఉండేవి. రోగి కూర్చునే కుర్చీ, తన కుర్చీ ఒకేలాంటివి ఉండాలి. స్టూలు మీద కూర్చోబెట్టి నొప్పి అడగడం ఆమెకు గిట్టదు. వరసలో ఎవరు ముందొస్తే వాళ్ళే ముందు. సూటు వేసుకున్నవాడు గ్రీజు అంటిన చొక్కావాడి వెనక నిలబడాల్సిందే. కూర్చోగానే "ఏ ఊరు? ఇంటికాడ ఎవరెవరున్నరు?" అని అడిగేది. ఆ తర్వాత "ఏమైంది?" అని అడిగి నోరు మూసుకునేది. ఆ మౌనం నాకు భరించరానిదిగా ఉండేది. నేనైతే ఆ ఖాళీలో మూడు కథలు పెట్టేదాన్ని. ఆమె మాత్రం గడియారం వంక చూడకుండా, రోగి తనంతట తాను నోరు విప్పేదాకా కూర్చునేది.

అన్నిటికంటే పెద్ద పట్టుదల కార్డు. ప్రతి రోగి కార్డు మధ్యలో స్కేలు పెట్టి పెన్సిల్‌తో అడ్డగీత గీయించేది. పై సగంలో రోగి చెప్పింది, అతని భాషలో, అతని మాటల్లోనే. కింది సగంలో తాను చూసింది, ఇంగ్లీషులో. తెలుగువాళ్ళ పై సగాలు రాయడం నా పని. "దెబ్బ ఒంటిది, అది నేను రాస్త. మాట ఆయనది. ఒక్క అక్షరం నీది కలిపినవనుకో, కత్తెరతోని నాలిక కత్తిరిస్త" అని మొదటిరోజే చెప్పింది. ఆమె బల్ల మీద కత్తెర నిజంగానే ఉండేది.

సాయంత్రం అయితే తువాస్ నుంచి లారీలు వచ్చేవి. అక్కడ ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీ తన మనుషులందరినీ మా క్లినిక్‌కే పంపేది. మా అద్దె, మా ఖిచిడీలో నెయ్యి ఆ లారీల మీదే ఆధారపడి ఉండేవి. వెంట వచ్చే సూపర్‌వైజరు మూర్తి గారు గోదావరి వైపు మనిషి. మాట వెన్న. ఆయనకు కావలసింది ఎప్పుడూ ఒకటే: లైట్ డ్యూటీ చీటీ. అంటే మనిషి పని మానక్కర్లేదు, తేలిక పని చేసుకోవచ్చని డాక్టరు రాసి ఇవ్వడం. సెలవు రాస్తే, ఎందుకు సెలవు, ఎక్కడ దెబ్బ తగిలిందని ప్రభుత్వానికి రిపోర్టు పోతుంది. తేలిక పని అని రాస్తే ఏమీ పోదు. ఖాలా చిన్న గాయాలకు ఇచ్చేది, పెద్దవాటికి ఇచ్చేది కాదు. ఆ ఇద్దరి మధ్యా అదొక నవ్వుతూ చేసే యుద్ధం.

ఆ నెలలో ఇద్దరు వచ్చారు. ఒకడికి చెయ్యి, ఒకడికి పాదం. ఇద్దరూ ఒకే మాట చెప్పారు: బాత్రూంలో ఎడమ కాలు జారి పడ్డాను. రాశాను. మూడోవాడు సింహాచలం. శ్రీకాకుళం దగ్గర పల్లె, ముప్పై ఏళ్ళుంటాయి, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. తువ్వాలు ముందు తెల్లది అయ్యుండాలి.

"ఏటి జరిగింది అన్నా?" అన్నాను, వాళ్ళ యాసలో. యాసలు పట్టడం కూడా నాకున్న దొంగవిద్యల్లో ఒకటి.

"ఏటీ నేదమ్మా. బాత్రూంలో ఎడం కాలు జారి పడిపోనాను."

అబద్ధం విషయంలో నేను పండితురాలిని. మంచి అబద్ధానికి కొసరు ఉంటుంది. సబ్బు ఎక్కడ పడింది, ఎవడు నవ్వాడు, తలుపు గడియ ఎలా ఇరుక్కుంది, ఇవన్నీ ఉంటాయి. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ ఎడమ కాలే! ఇది అబద్ధం చెప్పడం కాదు, పాఠం అప్పజెప్పడం. పైగా అతని చొక్కా నిండా సన్నటి ఇనపరజను మెరుస్తోంది. యార్డులో ఇనుము కోసే చక్రాలు తిరుగుతాయని వరసలో కూర్చునేవాళ్ళ మాటల్లో రోజూ వినేదాన్ని. నాకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా, కలం దురద పెట్టింది.

రాసేశాను. గ్రైండరు చక్రం పగిలింది, దీపావళి మతాబాలా నిప్పులు లేచాయి, ముక్క వచ్చి చేతిని కోసేసింది, సూపర్‌వైజరు మూర్తి పక్కనే నిలబడి నవ్వాడు. చివరి వాక్యం రాస్తున్నప్పుడు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను.

లోపల, నేను పక్కన నిలబడి ఉండగా, ఖాలా గాయం కడిగి, చూసి, కింది సగం రాసుకుంది. పై సగం చదవలేదు. నా మీద నమ్మకం. "వేళ్ళు కదిలించే నరాలు రెండు తెగినయ్. ఇయ్యాల ఆపరేషన్ కావాలె. ఆలస్యమైతే ఈ వేళ్ళు ఇంక ముడుచుకోవు" అని అతనితో చెబుతుండగా మూర్తి గారు తలుపు దగ్గరికి వచ్చారు.

"నమస్కారమండీ డాక్టరు గారూ. పాపం, నిన్న మధ్యాహ్నం జారిపడ్డాడటండీ. ఓ కట్టు కట్టేసి లైట్ డ్యూటీ రాసేయండి. శుక్రవారం వీడిని ఇంటికి పంపించేస్తున్నామండి. టికెట్టు కూడా తీసేశాం. అక్కడ సొంత మనుషుల దగ్గర చూపించుకుంటాడు."

సింహాచలం తల ఎత్తలేదు. శుక్రవారం విమానం ఎక్కితే ఆ చెయ్యి అంతే. తాపీమేస్త్రీ కొడుకు, వెల్డింగు నేర్చుకుని దేశం దాటి వచ్చినవాడు, ఆ కుడిచేయి తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. అది గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

కంపెనీ మనుషుల కార్డు కంపెనీకి చూపించాలన్నది ఒప్పందం. మూర్తి గారు బల్ల మీది కార్డు తీసుకుని, పై సగం తెలుగులో ఉండేసరికి హాయిగా చదవడం మొదలుపెట్టారు. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత, ఆశ్చర్యంగా, ముఖం విప్పారింది.

"ఏరా సింహాచలం, నేను పక్కన నిలబడి నవ్వానా?"

"ఎప్పుడండీ బాబూ?" అన్నాడతను, బిత్తరపోయి.

"ఇదిగో, నువ్వు చెప్పావని రాసుంది. మతాబాలట, నిప్పులట. చెప్పావా?"

"నేదండి. నాను బాత్రూం అనే సెప్పినాను."

"నిన్న మధ్యాహ్నం నేను ఎయిర్‌పోర్టులో ఉన్నానండీ డాక్టరు గారూ, కొత్త బ్యాచిని దింపుకుంటూ. యాభైమంది సాక్ష్యం. మరి మీ కార్డులో ఇలాంటివి ఉంటే, కింద మీరు రాసింది మాత్రం ఎవరు నమ్ముతారండీ?" వెన్నలాంటి గొంతుతోనే అన్నారు. ఆ వెన్నలో కత్తి దిగడం నాకు కనిపించింది. నిజాన్ని కాపాడదామని నేను అల్లిన అబద్ధం, నిజం మెడకే చుట్టుకుంది.

ఖాలా నా వంక చూసింది. తిట్టలేదు. కార్డు తీసుకుని, స్కేలు పెట్టి, నేను రాసిన ప్రతి వరస మీదా ఒక్కొక్క గీత కొట్టింది, కింద అక్షరాలు కనపడేలాగే. పక్కన తెలుగులో, పిల్లల చేతిరాతలాంటి తన తెలుగులో, మెల్లగా రాసి, పైకి చదివింది. "ఇది రోగి చెప్పిన మాట కాదు. నా క్లినిక్‌ల కల్పించి రాసినది. తప్పు నాది." సంతకం పెట్టింది. దాని కింద ఇంకో వరస రాసింది: బాత్రూంలో ఎడమ కాలు జారి పడిపోయాను. "గిదే కదా నువ్వు చెప్పింది?" అని సింహాచలాన్ని అడిగింది. అతను తలూపాడు.

"అద్గదీ! ఇప్పుడు సరిపోయిందండీ" అన్నారు మూర్తి గారు. "ఇక చీటీ ఇప్పించండి."

"ఆగుండ్రి. కింది సగం చదవలే మీరు." ఖాలా బుగ్గన లవంగం పెట్టుకుంది. "గాయంల ఇనపరజను ఉంది. అంచులు కాలినయ్. మీ బాత్రూంల ఇనుము కోసే చక్రం తిరుగుతదా?"

"అవన్నీ ఎందుకండీ మీకు? మీరు మా కంపెనీ డాక్టరు."

"నేను కంపెనీ డాక్టర్‌ను కాదు మూర్తి గారూ. కంపెనీ పంపే మనుషులకు డాక్టర్‌ను. మీకు జొరమొస్తే మీకు కూడా."

అప్పుడు జరిగింది నా ఊహకు అందనిది. సింహాచలం కుర్చీలో ముందుకు జరిగాడు. "అమ్మా" అన్నాడు. "తమరు అంత సదువుకున్నోరు. తప్పు నాదని రాసి సంతకం పెట్టినారు. ఈయన ముందల. నాను సెప్పింది అబద్దమని తమకి తెలుసు. అయినా నా మాట నా మాటలాగే రాసినారు. నాకు సిగ్గేసిందమ్మా. ఇంకో గీత కొట్టండి. నాను సెప్తాను."

"రేయ్, శుక్రవారం టికెట్టు..." అన్నారు మూర్తి గారు.

"ఎలిపోమంటే ఎలిపోతానండి. సెప్పీసి ఎలిపోతాను."

ఖాలా ఆ వరస మీద కూడా గీత కొట్టి, కార్డు నా ముందుకు తోసింది. "రాయ్" అంది. "నేనా?" అన్నాను. "నువ్వే. ఆయన చెప్పేది రాయ్."

అతను చెప్పాడు. నిప్పులు లేవు, నవ్వు లేదు. ఓడ అడుగున పైపుల మధ్య ఇరుకులో గ్రైండరు పట్టకపోతే చక్రం మీద కాపుగా ఉండే రేకు తీసేసి పని చేయమన్నారు. చక్రం అరిగిపోయింది, రెండు మాట్లు కొత్తది అడిగాడు, రేపిస్తామన్నారు. ఓడ తెల్లారి కదలాలి. "ఇరిగినప్పుడు సప్పుడు కూడా రాలేదమ్మా. సెయ్యి సల్లగైపోనాది. ముందల గ్లౌసు ఎతుక్కున్నాను, కంపినీది గదా, పోతే ఊరుకోరు. గ్లౌసు తీసి సూస్తే అప్పుడు ఏళ్ళు కనిపించినాయి."

నా పుట్టుక నుంచీ నేను కల్పించిన ఏనుగులన్నీ ఆ గ్లౌసు ముందు పిల్లులైపోయాయి. అలాంటి వాక్యం నాకు వెయ్యేళ్ళు కూర్చున్నా తట్టదు. అతను చెప్పింది చెప్పినట్టు, "సప్పుడు" అంటే సప్పుడనే, "ఏళ్ళు" అంటే ఏళ్ళనే రాశాను. చదివి వినిపించాను. ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది తనే ముద్ర వేశాడు, ఎవరూ అడగకుండానే.

ఖాలా ఆస్పత్రికి ఫోను చేసి, వరసలో ఉన్నవాళ్ళకు క్షమాపణ చెప్పి, తెల్లకోటుతోనే టాక్సీ ఎక్కి అతన్ని తీసుకుపోయింది. వెళ్తూ గుమ్మంలో నాతో ఒక్క మాట అంది. "నీ నోట్ల మంట ఉన్నది, మంచిదే. గానీ ఇంకొకని నోటితోని మాట్లాడకు నజ్జూ. ఆయనకు నోరు లేదనుకుంటివా?" ఆ రాత్రే ఆపరేషను అయింది. రెండు వేళ్ళలో ఒకటి పూర్తిగా ముడుచుకుంది, ఇంకోటి సగం. ఖాలా సెలవు రాసింది, రిపోర్టు పంపింది. కేసు తేలేదాకా అతన్ని ఎవరూ విమానం ఎక్కించలేకపోయారు.

మర్నాటి నుంచి తువాస్ లారీలు మా బ్లాకు ముందు ఆగలేదు. సాయంత్రాలు క్లినిక్‌లో ఫ్యాను చప్పుడు వినపడేది. జలుబు చేసిన చీనా ముసలమ్మ ఒకామె, టీకాలకొచ్చే పసిపిల్లలు, అంతే. ఖాలా మాత్రం కోటు ఇస్త్రీ మానలేదు. ఒకరోజు ఖట్టాలో ఉప్పు ఎక్కువైందని కసిరి, వెంటనే, "నీ మూలాన కాదులే. నీ మూలానైతే ఎప్పుడో వరంగల్ బండెక్కిస్తుంటి" అంది. నిజం చెప్పాలంటే కొంత నా మూలానే. ఆ కల్పన లేకపోతే ఆమె అంత మెత్తగా, అంత అవమానంగా తప్పు ఒప్పుకోవలసి వచ్చేది కాదు. ఆ మాట ఆమె ఎన్నడూ ఎవరి దగ్గరా అనలేదు. తర్వాతి ఏళ్ళలో ఆమె సంచీలో కార్డులు వేసుకుని ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కిందో, ఎన్ని విచారణల్లో కూర్చుని పై సగాన్ని తెలుగులో చదివి కింది సగాన్ని ఇంగ్లీషులో చెప్పిందో నేను పక్కనుండి చూశాను. ఆ అడ్డగీత తర్వాత వేరే డాక్టర్ల కార్డుల మీదా కనిపించింది. దాన్ని ఎవరు మొదలుపెట్టారో ఆ కుర్ర డాక్టర్లకు తెలియదు. తెలియకపోవడమే తనకు ఇష్టమంటుంది ఖాలా. నాకు ఇష్టం లేదు, అందుకే రాస్తున్నాను.

పోయిన నెల వచ్చినప్పుడు వైష్ణవి తన ఫోనులో, దెబ్బ తగిలిన కార్మికులు నింపే వాళ్ళ సంఘం ఫారం చూపించింది. తెలుగు, తమిళం, బెంగాలీ, ఏది కావాలంటే అది. ఎక్కడ, ఎప్పుడు, ఏ భాగం, అన్నిటికీ గళ్ళు, వేలితో తాకితే చాలు. మా కాలంలో ఇది ఉంటే ఎన్ని చేతులు మిగిలేవో! మంచి పని, ఈర్ష్య పడేంత మంచి పని. "ఏమైంది అని అడిగాక అతను మాట్లాడేదాకా ఎంతసేపు ఆగుతుంది ఈ ఫోను?" అని అడిగాను. "రెండు నిమిషాలు ఆంటీ, తర్వాత స్క్రీన్ ఆఫ్ అయిపోతుంది" అంది. తర్వాత తనే నవ్వి, "అది మేం చూస్కుంటాం లా. మేం పక్కన కూర్చుంటాం" అంది. ఆ అమ్మాయి మీద నాకు అప్పుడు గౌరవం కలిగింది.

చెప్పవలసింది ఇంకొకటి మిగిలింది. లారీలు ఆగిపోయాక వచ్చిన రెండో ఆదివారం. ఆదివారం క్లినిక్ ఉండదు. ఖాలా నేల తుడిపిస్తోంది. సగం దించిన షట్టర్ కింద ముందు చెప్పులు కనిపించాయి. వంగి చూస్తే మొన్న బాత్రూంలో ఎడమ కాలు జారిన ఇద్దరు. ఒకడికి చేతికట్టు, ఒకడు కుంటుతున్నాడు. సింహాచలం సంగతి యార్డులో విని, సెలవు రోజు తువాస్ నుంచి రెండు బస్సులు మారి వచ్చారట.

"ఒంట్లో బాగలేదా?" అంది ఖాలా.

"అది కాదు డాక్టరమ్మా" అన్నాడు చేతికట్టు అతను. "కార్డులో మా మాట ఉంది గదా. మార్చుకోవచ్చా అని..."

"మార్చుడు కాదు. అప్పుడు చెప్పింది అట్లనే ఉంటది, దాని మీద గీత కొడ్తం. ఇప్పుడు చెప్పేది కింద రాస్తం. లోపలికి రాండ్రి. కూసోండ్రి. ఏ ఊరు?"

వాళ్ళ వెనక మెట్ల దగ్గర ఇంకొందరు నిలబడి ఉన్నారు, పిలుస్తారో పిలవరో అన్నట్టు. ఖాలా షట్టర్ పూర్తిగా పైకి ఎత్తి, ఆదివారం అయినా పైకెళ్ళి కోటు వేసుకొచ్చింది. నేను స్కేలు తీసి గీతలు గీశాను. మధ్యాహ్నం దాటేదాకా ఒక్కొక్కరే చెప్పారు. నేను రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది, ఒక్క అక్షరం కలపలేదు. ఆ రోజు ఎంతమంది వచ్చారని ఇన్నేళ్ళుగా చాలామంది నన్ను అడిగారు. నా సంగతి మీకు తెలుసు. బ్లాకు చుట్టూ మూడు చుట్లు తిరిగిన వరస, మార్కెట్‌లో అన్నం అయిపోవడం, అన్నీ నాలుక చివరే ఉంటాయి. వచ్చింది పదకొండు మంది. పదకొండే.